స్వదేశీ ప్రాసెసర్లు: గ్రూప్-1 మెయిన్స్‌కి ఈ టాపిక్ నేనెలా చదివానంటే

సైన్స్ అండ్ టెక్నాలజీ పేపరంటే టెన్షన్ పడే ఆర్ట్స్ వాళ్ల కోసం రాస్తున్నాను. నాదీ హిస్టరీ డిగ్రీయే.

శక్తి, వేగ, అజిత్, విక్రమ్ అని ఏ మెటీరియల్ చూసినా పేర్ల పట్టికే ఉంటుంది. దాన్ని బట్టీ పట్టలేదు. ఏ చిప్ పేరు కనబడినా మూడు విషయాలే వెతికేదాన్ని: ఇన్‌స్ట్రక్షన్ సెట్ (ప్రాసెసర్‌కి అర్థమయ్యే ఆదేశాల భాష) ఎవరిది, డిజైన్ ఎవరు చేశారు, తయారైంది ఎక్కడ?

ఐఐటీ మద్రాస్ వాళ్ల శక్తినే తీసుకోండి. దాని ఇన్‌స్ట్రక్షన్ సెట్ రిస్క్-ఫైవ్. 2010లో అమెరికాలోని బర్కిలీ యూనివర్సిటీలో మొదలైంది, రాయల్టీ లేకుండా ఎవరైనా వాడుకోవచ్చు. ఇలాంటిదే ఇంకో ఇన్‌స్ట్రక్షన్ సెట్ ఆర్మ్‌కైతే లైసెన్స్ కొనాలి. మూడోది ఎక్స్86, అది ఇంటెల్, ఏఎండీ కంపెనీల చేతుల్లో ఉంది. 2022లో కేంద్రం స్వదేశీ ప్రాసెసర్ల కోసం పెట్టిన డీఐఆర్-ఫైవ్ కార్యక్రమానికి రిస్క్-ఫైవ్‌నే ఎందుకు ఎంచుకుందో దీంతో అర్థమైపోతుంది. శక్తి డిజైన్ మనదే. కానీ 2018లో వచ్చిన శక్తి రకం రైజ్‌క్రీక్ చిప్‌లు అమెరికాలో, ఒరెగాన్‌లోని ఇంటెల్ ఫ్యాబ్‌లో (చిప్‌ల ఫ్యాక్టరీలో) 22 నానోమీటర్ల టెక్నాలజీతో తయారయ్యాయి. చండీగఢ్ పక్కనే మొహాలీలో ఉన్న ప్రభుత్వ ఫ్యాబ్ ఎస్‌సీఎల్‌లోనూ శక్తి చిప్ చేశారు గానీ అక్కడున్నది 180 నానోమీటర్లే (ఈ అంకె ఎంత పెద్దదైతే టెక్నాలజీ అంత పాతది). జవాబుకి అసలు సరుకు ఈ తేడాలోనే ఉంది.

ఇస్రో విక్రమ్ 3201కి మాత్రం మూడూ మనవే. అదీ ఎస్‌సీఎల్‌లోనే, 180 నానోమీటర్లలోనే తయారైంది. ఫోన్‌కి ఇది పాత టెక్నాలజీ. రాకెట్‌కి వేగం కన్నా మైనస్ 55 నుంచి 125 డిగ్రీల సెల్సియస్ దాకా తట్టుకోవడం ముఖ్యం. 2024 డిసెంబర్‌లో పీఎస్‌ఎల్‌వీ-సీ60 ప్రయోగంలో దీన్ని అంతరిక్షంలో పరీక్షించారు కూడా. కాబట్టి ‘పాత ఫ్యాబ్ దండగ’ అని మాత్రం రాయకండి.

ఇంట్రోలో అందరూ రాసేది అమెరికా క్రే సూపర్ కంప్యూటర్ ఇవ్వకపోతే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ 1991లో సొంతంగా పరమ్ 8000 సూపర్ కంప్యూటర్ చేసిందనే కథ. నేనూ ప్రాక్టీస్ జవాబుల్లో అదే రాసేదాన్ని, ఇంకో వాక్యం కలిపి: పరమ్‌లో వాడిన ట్రాన్స్‌ప్యూటర్ చిప్‌లు బ్రిటన్ కంపెనీ ఇన్‌మాస్‌వి. మెషీన్ మనదైనా ప్రాసెసర్ కోసం బయటికి చూడాల్సి వచ్చిందన్నమాట. అక్కణ్నుంచి శక్తిలోకి సాఫీగా వెళ్లిపోవచ్చు.

దేశంలో చిప్‌ల తయారీ కోసం కేంద్రం పెట్టిన సెమీకండక్టర్ మిషన్‌కి ఇక్కడ ఒక్క లైన్ చాలు: 2021, రూ.76,000 కోట్లు. ఫ్యాబ్‌ల మీద ప్రశ్న విడిగా వస్తే అప్పుడు విప్పండి.