శ్మశానంలో పెరిగిన పిల్లాడి గురించి మావాళ్ళు ఏమన్నారంటే

"పిల్లలకి చదివే పుస్తకమా ఇది? మొదట్లోనే ఇంటిల్లిపాదినీ పొడిచి చంపేశాడంట కదా!" అని మా పక్కింటి పిన్నిగారు నన్ను వీధిలో ఆపి మరీ అడిగారు. ఆవిడ మనవరాలు ఇంటికెళ్ళి కథంతా చెప్పేసినట్టుంది. ఆవిడ అడిగినదాంట్లో అబద్ధమేమీ లేదు. నీల్ గైమన్ రాసిన 'ది గ్రేవ్‌యార్డ్ బుక్' అలాగే మొదలవుతుంది. అర్ధరాత్రి జాక్ అనేవాడు కత్తి పట్టుకుని ఒక ఇంట్లో దూరి తల్లినీ తండ్రినీ వాళ్ళ పెద్దపిల్లనీ చంపేసి, ఆఖర్న చంటివాడి గదిలోకి వెళ్తాడు. వాడు అక్కడ ఉండడు. అప్పుడప్పుడే నడక నేర్చిన ఆ బుడ్డోడు మెట్లు దిగి, తీసి ఉన్న వీధి తలుపులోంచి బయటపడి, కొండమీది పాత శ్మశానంలోకి వెళ్ళిపోయి ఉంటాడు. అక్కడ పిల్లల్లేని దెయ్యాల జంట ఒకటి వాణ్ణి పెంచుకుంటుంది. పేరు నోబడీ ఓవెన్స్, అందరూ బాడ్ అంటారు.

మాది రాజోలు దగ్గర వశిష్ఠ ఏటిగట్టు పక్క ఊరు. సెలవుల్లో సాయంత్రం పూట చుట్టుపక్కల పిల్లలు మా అరుగు మీద చేరతారు, నేను ఇంగ్లీషు పుస్తకం పట్టుకుని అప్పటికప్పుడు తెలుగులో చెప్పుకుంటూ పోతాను. ఈసారి ఈ పుస్తకం తీశాను. పిల్లలతోపాటు పెద్దవాళ్ళు కూడా గుమ్మాల్లో నిలబడి విన్నారు, కొందరు పుస్తకం అడిగి తీసుకెళ్ళి చదివారు, ఒకళ్ళిద్దరు నాతో బాగానే పోట్లాడారు. నేను ఇదివరకు ఇంటర్నెట్‌లో దీని గురించి చాలా అభిప్రాయాలు చదివాను. కానీ మా అరుగు మీద వినపడినవి వేరేగా ఉన్నాయి, అందుకే రాస్తున్నాను.

ముందు భయం సంగతి. పిన్నిగారి భయమల్లా దెయ్యాల గురించి. పిల్లలకి దెయ్యాల భయం మొదటిరోజే పోయింది. ఓవెన్స్ దొరసాని పసివాణ్ణి ఎత్తుకోగానే "అమ్మయ్య" అన్నారు అందరూ ఒకేసారి. వాళ్ళని పట్టుకున్న భయం జాక్ గురించి. పిన్నిగారి మనవరాలే, రెండో తరగతి పిల్ల, కథ మధ్యలో లేచి వెళ్ళి మా వీధి తలుపు గడియ వేసి, ఒకసారి లాగి చూసుకుని, మళ్ళీ వచ్చి నా పక్కనే కూర్చుంది. ఏమ్మా అంటే, "ఆ జాక్ ఇంకా దొరకలేదుగా అత్తా" అంది. అరుగు మీద అందరం బయటే కూర్చున్నామన్న సంగతి దానికి గుర్తులేదు. ఇల్లు మటుకు భద్రంగా ఉండాలి దానికి.

నాకైతే ఈ పుస్తకం గొప్పదనం సగం అక్కడే ఉందనిపిస్తుంది. చచ్చినవాళ్ళ వల్ల ఏ ముప్పూ లేదనీ, ముప్పంతా బతికున్న మనిషి చేతిలో ఉందనీ ఎక్కడా ఉపదేశం చెయ్యకుండా పిల్లకి అర్థమయ్యేలా చేశాడు. మా ఊళ్ళో 96 తుఫాను చూసిన తాతగారు ఒకాయన ఇదే మాట ఇంకోలా అన్నారు. నవంబరు 6 రాత్రి గాలికి ఒక్క కొబ్బరిచెట్టు మిగలకుండా పడిపోతుంటే విన్నవాళ్ళకి దెయ్యం కథలు చెప్పి ఏం భయపెడతావే అని. ఆయన ఆ మాటని పుస్తకాన్ని తీసిపారేయడానికి అన్నారు గానీ, రోజూ వచ్చి కుర్చీ వేసుకుని విన్నారు.

రిటైరైన తెలుగు మేష్టారు ఒకాయన నా పక్షాన మాట్లాడారు. బేతాళ కథలు చదివి పెరిగిన మనం, పిల్లలకి శవం గురించి చెప్పకూడదని ఎప్పట్నించి అనుకుంటున్నామండీ అన్నారు. నిజమే కదా. చందమామ 1947లో మొదలైంది, అందులో బేతాళ కథలు దశాబ్దాలపాటు వచ్చాయి. శంకర్ గీసిన ఆ బొమ్మ, ఒక చేత్తో కత్తి, భుజాన శవం, చుట్టూ పుర్రెలు, చూడని ఇల్లు ఉండేది కాదేమో. అప్పుడు ఎవరూ ఏమీ అనలేదు. మేష్టారికి ఈ నవలలో నచ్చని సంగతి కూడా ఒకటుంది. బేతాళుడు ప్రశ్న అడుగుతాడు, రాజు ఆలోచించి జవాబు చెప్తాడు, వినేవాడికి బుర్రకి పని పడుతుంది. ఇందులో పిల్లాడికి అన్నీ నేర్పేస్తారు గానీ, వాడు తనంతట తను ధర్మం తేల్చుకోవాల్సిన సందర్భాలు తక్కువ అని ఆయన వాదన. నేను ఒప్పుకోలేదు. నాలుగో అధ్యాయం మొత్తం అదే కదా.

ఆ నాలుగో అధ్యాయం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మా అరుగు మీద అన్నిటికంటే ఎక్కువ మాటలు నడిచింది దానిమీదే. ఆ శ్మశానానికి ఒక మూల కంచె ఉంటుంది. కంచెకి అవతల నేరం చేసినవాళ్ళనీ, ప్రాణం తీసుకున్నవాళ్ళనీ, అలాంటి వాళ్ళనీ పూడ్చిపెడతారు. అది పవిత్రమైన నేల కాదని పేరు. అక్కడ లైజా హెంప్‌స్టాక్ అనే అమ్మాయి ఉంటుంది, మంత్రగత్తె అని ముద్రవేసి నీళ్ళలో ముంచి, తర్వాత కాల్చి, అక్కడ పడేశారు. తలదగ్గర రాయి కూడా లేదు. ఆ పిల్లకి ఒక్కటే కోరిక, తన పేరున ఒక రాయి. బాడ్ అప్పటికి ఎనిమిదేళ్ళవాడు, ఎలాగైనా కొనాలని పాత సమాధిలోంచి ఒక నగ తీసుకుని ఊళ్ళోకి బయల్దేరి, పాతసామాన్ల కొట్టువాడి చేతిలో చిక్కుకుపోతాడు. ఆఖరికి వాడికి రాయి దొరకదు. కొట్లోంచి తెచ్చిన ఒక గాజు దిమ్మ మీద ఆ పిల్ల పేరులోని మొదటి అక్షరాలు రంగుతో రాసి, నిన్ను మర్చిపోమని రాసి, అక్కడ పెడతాడు.

ఈ భాగం అయిపోయాక ఏడో తరగతి కుర్రాడొకడు, "మన ఊళ్ళో కూడా అంతేగా, రెండు శ్మశానాలున్నాయి" అన్నాడు. ఎవరూ మాట్లాడలేదు కాసేపు. ఎందుకున్నాయో అక్కడున్న ప్రతి పిల్లకీ పిల్లాడికీ తెలుసు, పెద్దవాళ్ళకి ఇంకా బాగా తెలుసు. ఒకటి ఏటిగట్టు దిగాక, సిమెంటు దారీ రేకుల షెడ్డూ ఉన్నది. ఇంకోటి వానాకాలం మోకాటి లోతు బురదలో నడిచి వెళ్ళాల్సింది. ఎవరిదేదో నేను విడమర్చి చెప్పక్కర్లేదు, మన జిల్లాల్లో ఏ ఊరు తీసుకున్నా ఈ లెక్క కులం లెక్కే. ఇంగ్లండులో ఎక్కడో ఒక కొండమీది కంచె గురించి చదువుతుంటే మా కుర్రాడికి మా ఊరి కంచె కనపడింది. నేను ఏమీ కలిపి చెప్పలేదు, వాడే చూశాడు. పిల్లలకి ఇంత బరువైన పుస్తకం ఎందుకు అనేవాళ్ళకి నా దగ్గర ఇంతకంటే జవాబు లేదు. బరువు వాళ్ళ ఊళ్ళోనే ఉంది, రోజూ చూస్తున్నారు, దాని గురించి మాట్లాడ్డానికి ఒక కథ దొరికింది.

శ్మశానంలో హాయిగా తిరగడం అనే ఊహ మా హిందూ పిల్లలకి కొంచెం కష్టంగానే ఉంది. కాల్చి, బూడిద గోదాట్లో కలిపేస్తాం, ఇక దెయ్యం ఎక్కడుంటుంది, దానికి ఇల్లేది అని గట్టిగానే అడిగారు. ఆ సమయంలో పెద్దరికం తీసుకున్నది ఒక క్రైస్తవుల ఇంటి అమ్మాయి. ఏటా నవంబరు 2న సమాధుల పండుగకి వాళ్ళు నాయనమ్మ సమాధి కడిగి, సున్నం కొట్టి, బంతిపూలు పెట్టి, చీకటి పడ్డాక కొవ్వొత్తులు వెలిగిస్తారట, తమ్ముడు కాళ్ళు నొప్పెట్టి ఆ గట్టుమీదే కూర్చుంటాడట, ఎవరూ తిట్టరట. సమాధి రాళ్ళమీద అక్షరాలు చూసి బాడ్ చదువు నేర్చుకునే చోట ఆ అమ్మాయి ఎగిరి గంతేసినంత పనిచేసింది. తను కూడా నాయనమ్మ పేరు అక్కడే కూడబలుక్కుని చదివిందట మొదటిసారి. మిగతా పిల్లలకి అంతవరకూ ఆ సమాధుల దొడ్డి, సైకిలు వేగంగా తొక్కి దాటాల్సిన చోటు.

ఇక సైలస్. ఈ పాత్ర మీద పెద్దపిల్లలందరికీ మోజే. బతికున్నవాడూ కాదు, చచ్చినవాడూ కాదు, రాత్రుళ్ళే తిరుగుతాడు, పిల్లాడికి తిండి తెచ్చిపెట్టేది అతనే. రక్తం తాగే జాతి అని పుస్తకంలో ఎక్కడా రాయలేదు, పిల్లలే పసిగట్టారు. కానీ మా అరుగు మీద అతనికి ఒక గట్టి విమర్శకుడు తేలాడు. ఆరో తరగతి చదువుతాడు, వాళ్ళమ్మ కువైట్‌లో ఇళ్ళల్లో పనిచేస్తోంది, వాడు అమ్మమ్మ దగ్గర ఉంటాడు. కోనసీమలో ఇలాంటి ఇళ్ళు వీధికి ఎన్ని ఉంటాయో ఇక్కడివాళ్ళకి తెలుసు. కువైటో, మస్కటో, ఖతారో, తల్లి అక్కడ, పిల్లలు ఇక్కడ. సైలస్ ఎక్కడికైనా బయల్దేరినప్పుడల్లా వీడు అడిగేది ఒకటే, "ఎప్పుడొస్తాడో చెప్పాడా?" చెప్పడు, చాలాసార్లు చెప్పడు. "అయితే తప్పు సైలస్‌దే. వెళ్ళచ్చు, కానీ ఎప్పుడొస్తాడో చెప్పాలి" అన్నాడు. ఇంకో పిల్ల, చెప్తే బాడ్ ఏడుస్తాడని చెప్పలేదేమో అని సర్దబోయింది. "చెప్పకపోతే ఇంకా ఎక్కువ ఏడుస్తాం" అన్నాడు వాడు. ఏడుస్తాడు అనలేదు, ఏడుస్తాం అన్నాడు.

వాడికి నచ్చింది మిస్ లుపెస్కు. సైలస్ లేనప్పుడు వచ్చి, ఏవో బీట్‌రూటు వేసిన చారులు పోసి, జాబితాలు బట్టీ పట్టించి ప్రాణం తీసే మనిషి. మిగతా పిల్లలంతా ఆవిడ్ని తిట్టుకుంటుంటే వీడు మటుకు, రోజూ వస్తోందిగా, వండి తెస్తోందిగా అన్నాడు. పిశాచాల చేతిలో చిక్కుకున్న బాడ్‌ని ఆవిడే వచ్చి కాపాడినప్పుడు వీడి మొహం చూడాలి, అంతా తను ముందే చెప్పినట్టు. ఆవిడ చనిపోయిందని తెలిసే చోటు నేను చదవడానికి జంకాను. వాడు విని, లేచి, వాళ్ళ అమ్మమ్మ కూర్చున్న గుమ్మం దగ్గరికి వెళ్ళి అక్కణ్ణించి మిగతా కథ విన్నాడు.

పుస్తకంలో నాకు నచ్చనివి లేవా అంటే ఉన్నాయి. ఏడో అధ్యాయంలో జాక్‌లందరూ ఒక పాత రహస్య ముఠా అనీ, ఏదో జోస్యం ఉందనీ హడావిడిగా చెప్పేస్తాడు. మొదటి పేజీలో ఒక్క మనిషీ ఒక్క కత్తీ ఉన్నప్పుడు పుట్టిన భయం, ముఠా వచ్చేసరికి పలచబడిపోయింది. విడివిడి కథలుగా ఉన్నట్టు అనిపిస్తుందని మా తోడికోడలు అంది, అదీ నిజమే, మంత్రగత్తె అధ్యాయం నవలకంటే ముందు కథగానే అచ్చయింది. కిప్లింగ్ 1894లో రాసిన 'జంగిల్ బుక్' పద్ధతిలో, అడవి బదులు శ్మశానం పెట్టుకుని రాశాడు కాబట్టి ఆ విడివిడితనం కావాలనే ఉంచుకున్నాడు. నాకైతే అది చదివి వినిపించడానికి బాగా పనికొచ్చింది. 2008లో వచ్చిన ఈ నవలకి అమెరికాలో న్యూబెరీ పతకం, బ్రిటన్‌లో కార్నెగీ పతకం రెండూ వచ్చాయి, అలా రెండూ వచ్చిన మొదటి పుస్తకం ఇదే. పతకాల సంగతి మా పిల్లలకి చెప్పలేదు, వాళ్ళకి అక్కర్లేదు కూడా.

అసలు గొడవ స్కార్లెట్ దగ్గర వచ్చింది. చిన్నప్పుడు బాడ్‌తో ఆడుకున్న అమ్మాయి, పెద్దయ్యాక తిరిగొస్తుంది. జాక్‌ల ముఠా శ్మశానానికి వచ్చిన రాత్రి జరిగిందంతా చూసి, బాడ్ తనని ఎరగా వాడుకున్నాడని అర్థమై, నువ్వూ ఒక రాక్షసుడివేనన్నట్టు మాట్లాడుతుంది. అప్పుడు సైలస్ ఆ అమ్మాయి మనసులోంచి జరిగిందంతా చెరిపేసి ఇంటికి పంపేస్తాడు. పెద్దవాళ్ళలో చాలామంది మంచిపని చేశాడన్నారు, పిల్లకి అంత చేదు ఎందుకు గుర్తుండాలి అని. తొమ్మిదో తరగతి చదివే మా మేనకోడలు మండిపడింది. "ఆ అమ్మాయిని ఒక్కమాట అడిగారా? తన జ్ఞాపకం తనది కదా" అంది. ఇంట్లో ఆడపిల్లలకి తెలియకుండా ఆడపిల్లల గురించి ఎన్ని నిర్ణయాలు జరుగుతాయో చూసిన పిల్ల అది. నేను దాని వైపే. బాడ్‌ని చీకటిని చూసి భయపడని మనిషిగా పెంచిన సైలస్, స్కార్లెట్ విషయంలో మాత్రం ఆ నమ్మకం ఉంచలేదు. రచయిత దీన్ని తప్పుగానే చూపించాడేమో అని మేష్టారు అంటారు, బాడ్ బాధపడతాడు కాబట్టి. అలా అనుకున్నా ఆ అమ్మాయికి తిరిగి ఏమీ దక్కదు కదా.

ఆఖరి అధ్యాయంలో పదిహేనేళ్ళ బాడ్‌కి దెయ్యాలు కనపడటం తగ్గిపోతుంది. శ్మశానం వదిలి బయటి ప్రపంచంలోకి వెళ్ళాలి. పెంచిన తల్లి పాట పాడుతుంది. చదువుతుంటే నా గొంతు పట్టేసింది. అప్పుడు ఆ ఆరో తరగతి వాడి అమ్మమ్మ, గుమ్మం దగ్గర్నుంచి, "ఉత్త చేతులతో పంపేశారేంటమ్మా?" అంది. లేదండీ, సైలస్ డబ్బులిచ్చాడు, చిన్న సూట్‌కేసు ఇచ్చాడు, అందులో పాస్‌పోర్టు కూడా ఉంది అన్నాను. "పాస్‌పోర్టు వాడి పేరు మీదే ఉందా?" అని అడిగింది. ఉంది అన్నాను. "అయితే పర్లేదు. సరిగ్గానే పంపారు" అంది. కూతుర్ని ఏజెంటు చేతిలో పెట్టి పంపిన మనిషి ఆవిడ, పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉంటుందనేది ఆవిడకి చిన్న విషయం కాదు.

పిన్నిగారికి నేను చెప్పింది ఇదీ: ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకైతే మొదటి అధ్యాయం పగలు చదవండి, మీరు పక్కనే ఉండండి, జాక్ కొండదిగి వెళ్ళిపోయేదాకా మధ్యలో ఆపకండి. పిశాచాల అధ్యాయం చిన్నవాళ్ళకి పొడుగైపోతుంది, కొంత దాటేసినా ఫర్వాలేదు. పదేళ్ళు దాటినవాళ్ళకి పుస్తకం ఇచ్చేసి ఊరుకోండి, స్కార్లెట్ గురించి వాళ్ళే మీ దగ్గరికి పోట్లాటకి వస్తారు. ప్రస్తుతం నా ప్రతి మా మేనకోడలి దగ్గరుంది, ఏడో అధ్యాయం అంచుల్లో పెన్సిలుతో ఏదో రాస్తోంది, అది అయ్యాక పిన్నిగారికి ఇస్తాను.