బాన్‌హామ్‌లో సామ్ రేబర్న్ ఇంట

డాలస్ ఉత్తర శివారులోని ఫ్రిస్కోలో స్థిరపడిన మా కుటుంబం అమెరికా నాయకుడు సామ్ రేబర్న్ ఇల్లు చూడటానికి ఒక శనివారం ఉదయం 121వ నంబరు రహదారి మీదుగా టెక్సస్‌లోని చిన్న ఊరు బాన్‌హామ్‌కు బయలుదేరింది. మెకిన్నీ దాటాక కొత్త కాలనీలు పలచబడి, ట్రెంటన్ చేరేసరికి రోడ్డుకు రెండువైపులా నల్లరేగడి పొలాలే మిగిలాయి. గుంటూరు జిల్లాలో పుట్టిన నాకు పత్తి పండే ఆ నేల రంగు కొత్త కాదు. 1887లో, ఐదేళ్ల వయసులో, టెనెసీ నుంచి తల్లిదండ్రులతో ఇక్కడికి వచ్చి, 40 ఎకరాల పత్తిచేలో పనిచేస్తూ పెరిగిన రైతుబిడ్డ సామ్ రేబర్న్. ఆయన 1912లో అమెరికా కాంగ్రెస్ దిగువ సభ అయిన ప్రతినిధుల సభకు ఎన్నికై, 1961 నవంబరులో కన్నుమూసేదాకా, అంటే 48 ఏళ్లకు పైగా, ఈ ప్రాంత ప్రతినిధిగానే ఉన్నారు. అందులో 17 ఏళ్లకు పైగా స్పీకర్‌గా పనిచేశారు. అంతకాలం ఆ పదవిలో ఉన్నవారు మరొకరు లేరు.

1916లో కట్టించిన ఆయన ఇల్లు రెండంతస్తుల తెల్లని కట్టడం. గ్యారేజీలో 1947 నాటి నల్ల కాడిలాక్ కారు ఉంది. ఖరీదైన బహుమతులు పుచ్చుకోని మనిషి కాబట్టి, డెమొక్రాటిక్ పార్టీ సహచరులు తలా 25 డాలర్లు మించకుండా వేసుకుని దాన్ని కొనిచ్చారట. పిల్లలు కారు దగ్గరే ఆగిపోయారు. నేను మాత్రం వంటగదిలో చాలాసేపు నిలబడ్డాను.

1930ల మధ్యదాకా అమెరికాలో పదింట తొమ్మిది వ్యవసాయ కుటుంబాలకు కరెంటు లేదు. దూరదూరంగా ఉన్న పొలాలకు తీగలు లాగితే గిట్టుబాటు కాదని ప్రైవేటు కంపెనీలు పట్టించుకోలేదు. ఆడవాళ్లు బావినీళ్లు తోడి, కట్టెల పొయ్యి మీద ఇనుప ఇస్త్రీపెట్టెలు కాచుకుని, వేసవి ఎండల్లోనే ఆ చాకిరీ అంతా చేసేవారు. మా నాయనమ్మ వాడిన బొగ్గుల ఇస్త్రీపెట్టె ఎంత బరువో నా చేతికి తెలుసు. సెనేటర్ జార్జ్ నోరిస్‌తో కలిసి రేబర్న్ 1936లో నెగ్గించిన గ్రామీణ విద్యుదీకరణ చట్టం వల్ల, రైతుల సహకార సంఘాలు తక్కువ వడ్డీకి ప్రభుత్వ రుణం తీసుకుని తామే లైన్లు వేసుకోగలిగాయి. ఆయన చేసిన పనులన్నింటిలో నేను దీనికే మొదటి స్థానం ఇస్తాను.

తరువాత ఊళ్లోనే ఉన్న, ఆయన పేరిట వెలసిన గ్రంథాలయానికి వెళ్లాము. తెల్లని జార్జియా పాలరాతితో కట్టిన ఆ భవనం 1957లో ప్రారంభమైంది. లోపల, వాషింగ్టన్‌లో కాంగ్రెస్ సమావేశమయ్యే కాపిటల్ భవనంలోని స్పీకర్ కార్యాలయాన్ని యథాతథంగా నిర్మించి ఉంచారు. నిర్బంధ సైనిక సేవను పొడిగించే బిల్లు 1941 ఆగస్టులో 203–202 ఓట్లతో, ఒక్క ఓటు తేడాతో గట్టెక్కినప్పుడు సభాపతి స్థానంలో ఉన్నది ఆయనే. అమెరికాను రెండో ప్రపంచ యుద్ధంలోకి దింపిన జపాన్ పెర్ల్ హార్బర్ దాడి జరిగింది ఆ తరువాత నాలుగు నెలలకే. చాలాకాలం అమెరికా దక్షిణాది రాష్ట్రాల సభ్యులతో కలిసి పౌరహక్కుల బిల్లులను వ్యతిరేకించినవారే అయినా, పాఠశాలల్లో వర్ణభేదాన్ని సమర్థిస్తూ 1956లో వెలువడిన దక్షిణాది ప్రకటనపై ఆయన సంతకం చేయలేదు. 1957 నాటి పౌరహక్కుల చట్టాన్ని సభ దాటించారు. ఆ మార్పు ఆలస్యంగా వచ్చిందనే నా అభిప్రాయం.

పొద్దువాలే వేళ విల్లో వైల్డ్ శ్మశానవాటికలో ఆయన సమాధి చూశాము. ఈ చిన్న ఊరిలో జరిగిన అంత్యక్రియలకు అప్పటి అధ్యక్షుడు కెనడీ, మాజీలు ట్రూమన్, ఐసెన్‌హోవర్, తరువాత అధ్యక్షుడైన జాన్సన్ నలుగురూ వచ్చారు. మేము వెళ్లిన సాయంత్రం అక్కడ మరెవరూ లేరు.