జపనీస్ సొంతంగా నేర్చుకుంటూ మధ్యలో ఆగిపోకుండా ఉండాలంటే

సొంతంగా జపనీస్ మొదలుపెట్టినవాళ్లు ఆగిపోయేది చాలావరకు మొదట నేర్చుకునే హిరగానా లిపి దగ్గర కాదు, మూడో నెల దగ్గర. మొదట్లో తెలుగువాళ్లకు ఈ భాష చాలా చనువిస్తుంది. "వతషి వ మిజు ఒ నొము" అంటే "నేను నీళ్లు తాగుతాను". కర్త, కర్మ, క్రియ అదే వరసలో ఉంటాయి. విభక్తి పదం వెనక రావడం మనకు కొత్త కాదు. అచ్చులు కూడా దాదాపు మన అ, ఇ, ఉ, ఎ, ఒ లే. ఆ సుఖానికి అలవాటు పడేసరికి క్రియారూపాలు, కాంజీ (చైనా నుంచి వచ్చిన అక్షరాలు), రోజుకు వంద దాకా ఆంకి (నేర్చుకున్న పదాలను కొన్ని రోజుల విరామంతో మళ్లీ మళ్లీ అడిగే కార్డుల యాప్) కార్డులు అన్నీ కలిసి మీద పడతాయి. ఉత్సాహం మీద నడిచిన చదువు సాధారణంగా ఇక్కడే ఆగుతుంది.

ఆగకుండా ఉండడానికి నేను గట్టిగా నమ్మేది ఒకటే. ఎన్ని గంటలు కూర్చున్నామన్నది కాదు, ఆ కూర్చున్నందుకు బయటికి ఏం వచ్చిందన్నది లెక్క వేసుకోవాలి. ఆ వచ్చినదాన్ని వారానికొకసారి ఇంకొక మనిషికి చూపించాలి.

ముందు దూరం ఎంతో తెలుసుకోవడం మంచిది. అమెరికా విదేశాంగ శాఖ తన ఉద్యోగులకు జపనీస్ నేర్పడానికి పెట్టుకున్న అంచనా 88 వారాలు, 2200 తరగతి గంటలు. అది ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్లకు, ఉద్యోగంలో వాడుకోగలిగే స్థాయికి వేసిన లెక్క. వాక్యం అల్లికలో మనకు కొంత కలిసొస్తుంది కానీ కాంజీ బరువు అందరికీ ఒకటే. జొయో కాంజీ, అంటే అక్కడి ప్రభుత్వం సాధారణ వాడుకకు నిర్ణయించిన అక్షరాలు, 2010 సవరణ నుంచి 2136. రోజుకు మూడు నేర్చుకుంటే 712 రోజులు, ఐదైతే 428 రోజులు పడుతుంది. రోజుకు 40 నిమిషాలు ఒక్కరోజూ మానకుండా కూర్చున్నా ఏడాదికి 243 గంటలే. ఇది ఏళ్ల పని. అందుకే మంచి ఊపులో ఉన్న రోజున వేసుకున్న టైంటేబుల్‌ని నమ్ముకోకూడదు. జ్వరం వచ్చిన రోజున కూడా నడిచే ఏర్పాటు కావాలి.

కనీసం ఎంత?

రోజుకు రెండు కొలతలు పెట్టుకోండి. మామూలు రోజుకు 40 నిమిషాలు: మొదటి 15 ఆంకి రివ్యూలకు, అంటే పాత కార్డులు మళ్లీ చూసుకోవడానికి, తర్వాతి 15 వ్యాకరణానికి, చివరి 10 వినడానికో చదవడానికో. ఈ వరస మార్చకండి. రివ్యూలను చివరికి తోస్తే అవి రాత్రికి, రాత్రి నుంచి రేపటికి జారిపోతాయి. రెండోది కనీసపు రోజు, 10 నిమిషాలు. రివ్యూలు మాత్రమే చేయాలి, కొత్త కార్డులు వద్దు, ఒక్క వాక్యం పైకి చదవాలి. అంతే.

కనీసపు రోజును ఓటమిగా చూడకండి, అది ముందే ఒప్పుకున్న ఏర్పాటు. కాకపోతే దానికీ ఒక హద్దుండాలి. వరసగా ఐదు రోజులు కనీసంతోనే గడిస్తే మీకు బద్ధకం ఎక్కువైందని కాదు, భారం ఎక్కువైందని అర్థం. ఆ రోజే కొత్త కార్డులను పది నుంచి ఐదుకు తగ్గించండి. సంకల్పం పెంచుకుంటానని మాట ఇచ్చుకోవడం కన్నా ఒక అంకె తగ్గించడం చాలా బాగా పనిచేస్తుంది.

యాప్‌లు చూపించే వరస రోజుల లెక్కను నేను నమ్మను. రెండు నిమిషాలు తెర మీద వేలు ఆడించినా అది పెరుగుతుంది. ఒక్కరోజు తెగితే సున్నాకు పడుతుంది, చాలామంది చదువు కూడా దాంతోపాటే పడిపోతుంది. దాని బదులు నెలకు 25 రోజులు అని పెట్టుకోండి. అప్పుడు తప్పిపోయిన ఒక రోజు వల్ల ఏమీ కూలిపోదు.

ఆంకి కుప్ప

మూడో నెలలో దెబ్బకొట్టేది ఎక్కువగా ఇదే, కాబట్టి కాస్త వివరంగా. ఆంకి మొదటి అమరికలో రోజుకు 20 కొత్త కార్డులు ఉంటాయి. మొదటి వారం హాయిగా అనిపిస్తుంది. కానీ కొత్త కార్డు అదే రోజుతో అయిపోదు, మళ్లీ మళ్లీ వస్తుంది. రోజుకు 10 కొత్తవి చేరుస్తుంటే కొన్ని వారాలకు రోజువారీ రివ్యూలు 70 నుంచి 100 మధ్య నిలుస్తాయి. కార్డుకు ఏడు సెకన్లు పట్టినా 100 కార్డులకు 12 నిమిషాలు. 20 చేరిస్తే అది రెట్టింపై మీ 40 నిమిషాల్లో సగానికి పైగా మింగేస్తుంది, వ్యాకరణానికి చోటు ఉండదు. ఉద్యోగమో కాలేజీయో ఉన్నవాళ్లకు 10 చాలు.

వారం మానేశాక యాప్ తెరిస్తే నాలుగైదు వందల కార్డులు కనిపిస్తాయి. చాలామంది ఆ అంకె చూసే మూసేస్తారు. కొందరు ఒక్క ఆదివారం కూర్చుని అంతా ఊడ్చేస్తారు. అదీ మంచిది కాదు, ఎందుకంటే ఒకే రోజు చూసిన కార్డులు చాలావరకు మళ్లీ దగ్గర దగ్గర రోజుల్లోనే వచ్చిపడతాయి. ఇలా చేయండి: కొత్త కార్డులను సున్నా చేయండి. రోజువారీ రివ్యూల గరిష్ఠాన్ని 120 దగ్గర ఆపండి. ఎఫ్‌ఎస్‌ఆర్‌ఎస్ (కార్డు మళ్లీ ఎప్పుడు రావాలో లెక్కవేసే ఆంకిలోని ఒక పద్ధతి) వాడుతుంటే, ఇంకా గుర్తుండే అవకాశం ఎక్కువ ఉన్న కార్డులు ముందు వచ్చేలా వరస మార్చండి. నిలబెట్టుకోగలిగినవి ముందు దక్కుతాయి. ఎలాగూ మరిచిపోయినవి ఇంకో నాలుగు రోజులు ఆగినా పెద్ద నష్టం లేదు. కుప్ప పూర్తిగా తీరేదాకా కొత్తవి ముట్టుకోకండి. సాధారణంగా రెండు వారాల్లో దారిలో పడుతుంది.

ఇంకో తప్పు కంటికి కనిపించదు. కార్డు గుర్తు రాకపోయినా "అగైన్" (మరిచిపోయాను) బటన్ నొక్కడానికి మనసొప్పక "హార్డ్" నొక్కడం. హార్డ్ అంటే కష్టపడి గుర్తు తెచ్చుకున్నానని ప్రోగ్రాంకు చెప్పడం. మరిచిపోయినదానికి అది నొక్కితే తప్పు సమాచారం వెళ్తుంది, విరామాలన్నీ పాడవుతాయి. గుర్తు రాలేదా, అగైన్ నొక్కండి. ఆలోచన అక్కర్లేదు. ఎనిమిది సార్లు మరిచిన కార్డుకు ఆంకి "లీచ్" అని గుర్తు పెడుతుంది. దాన్ని తొమ్మిదోసారి బట్టీ పట్టకండి. పక్కకు తీసి, ఆ పదంతో ఒక చిన్న వాక్యం రాసి, ఆ వాక్యాన్ని కార్డుగా పెట్టుకోండి.

ఏం రాసిపెట్టాలి, ఎవరికి చూపించాలి

నోటుబుక్కులో రోజుకు ఒక్క గీత చాలు. తేదీ, చేసిన పని, సొంతంగా కూర్చిన ఒక జపనీస్ వాక్యం. "రెండు గంటలు చదివాను" అని రాయకండి. సబ్‌టైటిళ్లతో సీరియల్ చూసినా అది రెండు గంటలే అవుతుంది. వాక్యం అలా కాదు. కుదిరిందో లేదో అందులోనే కనిపిస్తుంది.

వారం చివర ఒక మనిషికి మూడు వస్తువులు పంపండి. చేత్తో రాసిన ఐదు వాక్యాల ఫోటో, ఒక నిమిషం గొంతు రికార్డింగు, ఆంకి గణాంకాల స్క్రీన్‌షాట్. గడువు కచ్చితంగా ఉండాలి. "వారాంతంలో" అంటే ఎప్పటికీ రాదు, "ఆదివారం రాత్రి 9 లోపు" అంటే వస్తుంది. అవతలి మనిషికి జపనీస్ రానక్కర్లేదు. తమ్ముడైనా, ఆఫీసులో స్నేహితురాలైనా సరే. వాళ్లు చేయాల్సిందల్లా 9 దాటాక ఏమీ రాకపోతే "ఏమైంది?" అని ఒక్క మాట అడగడం. మెచ్చుకోలు, ఓదార్పు, ఉపన్యాసం ఏవీ వద్దని ముందే చెప్పుకోండి. అడిగే మాట చిన్నదైతేనే నెలల తరబడి అడుగుతారు.

ఇక్కడ రెండు పనులు కలిపేసుకోవడం వల్ల చాలా జతలు విడిపోతాయి. లెక్క అడిగే మనిషి వేరు, తప్పులు దిద్దే మనిషి వేరు. మీ స్థాయిలోనే ఉన్న తోటి విద్యార్థి మీ తప్పును తప్పుగా పట్టలేరు, ఒక్కోసారి సరైనదాన్ని కూడా తప్పని దిద్దుతారు. దిద్దడానికి జపనీస్ మాతృభాషగా ఉన్నవాళ్లనో అధ్యాపకులనో నెలకు రెండుసార్లు పట్టుకుంటే చాలు. జట్టుగా చేయాలనుకుంటే ముగ్గురు నలుగురి కన్నా ఎక్కువ వద్దు. పదిమందిలో ఒకరు పంపకపోతే ఎవరికీ తెలియదు.

దిద్దించుకున్న తప్పులకు నోటుబుక్కు చివర రెండు పేజీలు వదలండి. తెలుగు నుంచి వచ్చేవాళ్ల తప్పులు కొన్ని పదేపదే అవే ఉంటాయి. మన "లో" ఒక్కటే, జపనీస్‌లో దాని పని "ని", "దె" పంచుకుంటాయి. బడిలో ఉన్నామంటే "గక్కో ని ఇరు", బడిలో చదువుతున్నామంటే "గక్కో దె బెంక్యో సురు". ఉనికికి ని, పని జరిగే చోటుకు దె. సూత్రం అందరికీ ఐదు నిమిషాల్లో అర్థమవుతుంది, నోటికి రావడానికి నెలలు పడుతుంది. అందుకే ఆ తప్పు ఈ నెల ఎన్నిసార్లు దొర్లిందో గీతలు పెట్టుకోవాలి. గీతలు తగ్గుతుంటే మీరు ముందుకెళ్తున్నట్టు.

తె రూపం, అంటే క్రియను వెనక వచ్చే మాటతో కలపడానికి వాడే రూపం, ఇంకో మలుపు. "నొము" అన్నది "నొందె" అవుతుంది, "తబెరు" అన్నది "తబెతె" అవుతుంది. "కిరు" అని పలికే క్రియలు రెండున్నాయి. కోయడం అనే అర్థంలో "కిత్తె", తొడుక్కోవడం అనే అర్థంలో "కితె". "రండి" అనడం కూడా "కితె కుదసయ్" అనే. ఒత్తు ఒక్కటి పడితే "కోయండి" అయిపోతుంది. మనకు ఒత్తులు, దీర్ఘాలు పలకడం సమస్య కాదు. ఒబసన్ అంటే పిన్ని వరస, ఒబాసన్ అంటే అమ్మమ్మ వరస అని వినగానే పట్టేస్తాం. అయినా వేగంగా మాట్లాడేటప్పుడు జారుతుంది. ముప్పై సెకన్ల ఆడియో ముక్క తీసుకుని ఐదుసార్లు దాని వెంటే పలికి, ఆరోసారి మీ గొంతు రికార్డు చేసి పక్కపక్కన వినండి. వారం చివర పంపే రికార్డింగు ఇదే కావచ్చు.

కతకానాను (విదేశీ పదాలు రాసే లిపిని) తేలిగ్గా వదిలేసినవాళ్లు తర్వాత ప్రతి పేజీలో తడబడతారు. షి, త్సు అక్షరాల తేడా గీత దిశలో ఉంది. షి లో చిన్న గీతలు ఎడమవైపు ఒకదాని కింద ఒకటి, పెద్ద గీత కింది నుంచి పైకి. త్సు లో చిన్న గీతలు పైన పక్కపక్కన, పెద్ద గీత పై నుంచి కిందికి. తెర మీద చూస్తే ఇది పట్టుబడదు, చేత్తో రాయాలి.

పరీక్షను గడువుగా వాడుకోవడం

జపనీస్ ప్రావీణ్య పరీక్ష జేఎల్‌పీటీ జూలైలో, డిసెంబరులో జరుగుతుంది. కొన్ని చోట్ల ఏడాదికి ఒక్కసారే. నమోదు గడువు పరీక్షకు నెలల ముందే ముగుస్తుంది. డబ్బు కట్టిన పరీక్ష మంచి గడువు, అందులో సందేహం లేదు. అందులో అన్నిటికన్నా తేలికైన స్థాయి ఎన్5కి 180లో 80 రావాలి. అంతే కాదు, భాషాజ్ఞానం, పఠనం కలిపి 120లో 38, వినికిడిలో 60కి 19 తప్పనిసరి. వినికిడి 18 దగ్గర ఆగితే మొత్తం ఎంతొచ్చినా తప్పినట్టే. 2010లో పరీక్ష మారినప్పటి నుంచి పదాల, కాంజీల అధికారిక జాబితాలు ఇవ్వడం లేదు. దొరికేవన్నీ అంచనాలే. నెలకొకసారి అధికారిక నమూనా ప్రశ్నలు గడియారం పెట్టుకుని చేయడం వాటికన్నా నమ్మకమైన కొలత.

కానీ ఈ పరీక్షలో మాట్లాడేది లేదు, రాసేది లేదు, అన్నీ జవాబు ఎంచుకునే ప్రశ్నలే. అందుకే పరీక్ష నెలలో కూడా ఆదివారం వాక్యాలు, రికార్డింగు ఆపకూడదు. పరీక్ష అయిన మర్నాటి సంగతి కూడా ముందే రాసిపెట్టుకోండి. ఫలితాలకు దాదాపు రెండు నెలలు పడుతుంది. "వచ్చాక చూద్దాం" అని ఊరుకుంటే ఆ రెండు నెలల్లో ఆంకిలో మళ్లీ వందల కార్డులు పేరుకుంటాయి. పరీక్ష రాసిన ఆదివారం తర్వాత వచ్చే వారమంతా కనీసపు రోజులే, పదేసి నిమిషాలు. ఆ పై సోమవారం నుంచి ఐదు కొత్త కార్డులతో మొదలు. ఈ రెండు ముక్కలూ హాల్ టికెట్టు వెనకే రాసుకుని, ఆదివారం లెక్క అడిగే మనిషికి ఒక ఫోటో పంపండి.