చెమట సరే, కాళ్ళు చూడండి

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ పేరుతో వచ్చే వీడియోగేమ్ ఎన్‌బీఏ 2కే. దాన్ని చూసినవాళ్ళు ముందుగా తెర మీది బొమ్మ గురించే మాట్లాడతారు. ఆటగాడి మెడ మీద చెమట, జెర్సీ ముడతలు, చెక్క నేల మీద దీపాల మెరుపు. అవన్నీ బాగుంటాయి, కాదనను. ఎన్‌బీఏ ఆటగాడు స్టెఫెన్ కరీ ఫ్రీ త్రోకి నిలబడితే ముఖం కనబడకపోయినా ఆయనేనని పోల్చుకోవచ్చు. కానీ ఆట నిజంలా ఉందో లేదో నేను కాళ్ళను చూసి చెబుతాను. డిఫెండర్ మోకాళ్ళు వంచి అడుగులు వేస్తున్నాడా, తడి గచ్చు మీద జారినట్టు జారిపోతున్నాడా? పైకి ఎగిరినవాడు కిందికి దిగాక మళ్ళీ కదలడానికి కాస్త సమయం పడుతోందా? భుజంతో నెడితే అవతలివాడి బరువు తెలుస్తోందా?

నేను విజయనగరంలో డిగ్రీ చదివే రోజుల్లో కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టులో గార్డ్‌గా, అంటే బంతి నడిపించే ఆటగత్తెగా ఆడాను. మాది సిమెంటు కోర్టు. ఎండాకాలంలో సాయంత్రం అయిదు దాటినా బూట్లలోంచి వేడి తగిలేది. గాలి వీస్తే కోర్టంతా సన్నటి ఇసుక పరుచుకునేది, ఆగబోయి జారి మోకాళ్ళు చెక్కుకుపోయేవి. రింగుకి నెట్ ఉండేది కాదు. బంతి లోపల్నుంచి పడిందా, పక్కనుంచి పోయిందా అని రోజూ ఒక గొడవ.

ఇప్పుడు మేముండేది న్యూజెర్సీలో. మా అబ్బాయికి పద్నాలుగేళ్ళు. వాడికి బాస్కెట్‌బాల్ ముందు తెర మీదే పరిచయమైంది, ఆ తర్వాతే స్కూల్ జిమ్‌లో. ఇక్కడి తెలుగువాళ్ళ ఇళ్ళలో వీడియోగేమ్ మాట వస్తే రోజుకి ఎన్ని గంటలు ఆడనివ్వాలన్న దగ్గరే చర్చ ఆగిపోతుంది. గంటలు చూడాల్సిందే. కానీ పిల్లవాడు ఏ పుస్తకం చదువుతున్నాడో అడిగినట్టే, ఏ ఆట ఆడుతున్నాడో, అది వాడికి ఏం అలవాటు చేస్తోందో కూడా అడగాలి కదా. అందుకే నేను వాడి పక్కన కూర్చుంటాను. నాకు తెలిసిన ఆట కాబట్టి ఇంకా శ్రద్ధగా చూస్తాను.

ఈ ఆట మొదటిసారి 1999లో సెగా డ్రీమ్‌కాస్ట్ అనే గేమ్ కన్సోల్ మీద వచ్చింది. అప్పట్నుంచి దాదాపు ఏటా ఒకటి వస్తూనే ఉంది. 2023లో వచ్చిన 2కే24 నుంచి, నిజం మ్యాచ్‌ల వీడియోలోంచే ఆటగాళ్ళ కదలికలు తీసుకుని ఆటలోకి ఎక్కిస్తున్నారు. ఆ తేడా కాళ్ళలోనే తెలుస్తుంది. ఎడమకి వెళ్ళబోతూ కుడికి తిరిగేటప్పుడు బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి మారడం కంటికి కనిపిస్తుంది. నాకు నచ్చనిది ఒకటుంది. ఒక కదలిక మొదలైతే చాలాసార్లు అది పూర్తయ్యేదాకా ఆటగాడు మన చేతిలో ఉండడు. అడుగు సగంలో ఉండగా మనసు మార్చుకోవడమే గార్డ్ పని. ఆ స్వేచ్ఛ ఇందులో తక్కువ.

షాట్ విషయం వేరు. బటన్ నొక్కి పట్టుకుని, ఆటగాడి చెయ్యి సరైన చోటికి వచ్చినప్పుడు వదలాలి. సరిగ్గా వదిలితే తెర మీద దాన్ని కొలిచే మీటర్ పచ్చగా వెలుగుతుంది. ఒక్కొక్క ఆటగాడి షాట్ ఒక్కో వేగంలో ఉంటుంది కాబట్టి అందరికీ ఒకే లెక్క కుదరదు, ఎవరి పద్ధతి వాళ్ళదని చూసి నేర్చుకోవాలి. ఇది నాకు చాలా ఇష్టం. అయితే మా పీఈటీ సార్ షాట్ వేసేది చేతులు కాదు, మోకాళ్ళు అనేవారు. ఆ మోకాళ్ళ సంగతి బటన్‌కి ఎలా తెలుస్తుంది? ఆటలో అలసట లేకపోలేదు. పరుగెత్తిన కొద్దీ ఆటగాడి శక్తి తగ్గుతుంది, అలసినవాడి షాట్ పడే అవకాశమూ తగ్గుతుంది. కానీ ఎన్‌బీఏలో క్వార్టర్ 12 నిమిషాలైతే పిల్లలు చాలామంది అయిదారు నిమిషాలే పెట్టుకుని ఆడతారు. అంత చిన్న మ్యాచ్‌లో అలసటకి చోటేది? బెంచ్ మీద ఉన్నవాళ్ళ అవసరమే రాదు.

పోయిన వేసవిలో విజయనగరం వెళ్ళినప్పుడు మావాడు కన్సోల్‌ని బట్టల మధ్య చుట్టి తెచ్చాడు. అయ్యకోనేరు దగ్గర మా నాన్నగారిల్లు. ఇంట్లో కళ్ళు మూసుకుని షాట్లు వేసేవాడు అక్కడ ఒక్కటీ వెయ్యలేకపోయాడు. “అమ్మా, ఏదో తేడాగా ఉంది” అని ముఖం ముడుచుకున్నాడు. తేడా టీవీలో ఉంది. బొమ్మని అందంగా చూపించడానికి టీవీ తనలో తాను కొంత సమయం తీసుకుంటుంది. సినిమా చూసేవాళ్ళకి అది తెలియదు. రెప్పపాటులో బటన్ వదలాల్సినవాడికి అదే కొంప ముంచుతుంది. మా మేనల్లుడు రిమోట్ తీసుకుని సెట్టింగులన్నీ తిరగేసి గేమ్ మోడ్ పట్టుకున్నాడు. అది ఆన్ చెయ్యగానే షాట్లు పడ్డాయి. అక్కణ్ణుంచి బావలిద్దరికీ స్నేహం కుదిరింది.

మేనల్లుడు స్కూల్ జట్టుకి ఆడతాడు. నిజం కోర్టు వాడికి కొట్టిన పిండి, కంట్రోలర్ పట్టుకోవడం మాత్రం కొత్త. బంతి లాక్కునే బటన్ ఒకటుందని తెలిశాక దాన్ని వదల్లేదు. ఆటలో అలా చెయ్యి పెడితే చాలాసార్లు ఫౌల్ ఇస్తారు. ఇది చాలా న్యాయంగా ఉంది. చూస్తుండగానే వాడి గార్డ్‌కి అయిదు ఫౌళ్ళు పడ్డాయి. కంట్రోలర్ పక్కన పెట్టేశాడు.

“అయిదయిపోనాయి గదేటి? ఈడింక ఎల్లిపోవాల కదా?”

“లేదు బావా, ఆరు ఉంటాయి” అన్నాడు మావాడు.

“మా సార్ అయిదే అన్నారు.”

ఇద్దరిదీ నిజమే. అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫీబా నియమాల్లో 40 నిమిషాల మ్యాచ్, అయిదు ఫౌళ్ళు. ఎన్‌బీఏలో 48 నిమిషాలు, ఆరు ఫౌళ్ళు. నేను మధ్యలో కూర్చుని మా రోజుల సంగతి కూడా చెప్పాను. అప్పట్లో క్వార్టర్లు లేవు, ఇరవయ్యేసి నిమిషాల రెండు హాఫ్‌లు. బంతి చేతికొచ్చాక షాట్ వెయ్యడానికి 30 సెకన్ల గడువు. ఫీబా 2000లో దాన్ని 10 నిమిషాల నాలుగు క్వార్టర్లుగా, 24 సెకన్లుగా మార్చింది. మూడు పాయింట్ల గీత మాకు 6.25 మీటర్ల దూరంలో ఉండేది. 2010లో దాన్ని 6.75కి జరిపారు, ఎన్‌బీఏలో అయితే ఎదురుగా 7.24. “అంటే నువ్వాడింది ఇంకో ఆటే అత్తా” అన్నాడు మేనల్లుడు. అమెరికాలో పెరిగే పిల్లలకి అక్కడి నియమమే లోకమంతటి నియమం అనిపిస్తుంది. ఆ రోజు మావాడు ఫోన్‌లో ఫీబా నియమాలు వెతికి, బావతో కలిసి సాయంత్రం దాకా ఒక్కొక్కటే పోల్చి చూశాడు. నేను చెప్పి ఉంటే అంతసేపు వినేవాడు కాదు.

నన్ను ఎక్కువగా ఆలోచనలో పెట్టింది తర్వాతి మ్యాచ్. మేనల్లుడికి డ్రిబుల్ విన్యాసాలు రావు, అందుకని పాస్ ఇస్తూ పోయాడు. లోపలికొక పాస్, డిఫెండర్ సాయానికి రాగానే మూలకి ఇంకొకటి. మూలలో మూడు పాయింట్ల గీత రింగుకి దగ్గరగా ఉంటుంది, ఎన్‌బీఏలో 22 అడుగులే. అక్కడ ఖాళీగా నిలబడినవాడు వేశాడు. మళ్ళీ అదే, ఇంకో వైపునుంచి. వాడు గెలవలేదు, కానీ ఆఖరు నిమిషం దాకా వదల్లేదు. ఈ ఆట లోపల నిజం బాస్కెట్‌బాల్ ఉందని నాకు నమ్మకం కుదిరింది అక్కడే. బంతి కదిలితే డిఫెన్స్ చెదురుతుంది, ఎవరో ఒకరు ఖాళీ అవుతారు. తెర మీద చెమట చుక్క కంటే నాకు ఇదే గొప్ప నిజం.

మరి మావాడు ఎందుకు పాస్ ఇవ్వడు? వాడు ఎక్కువగా ఆడేది కెరీర్ పద్ధతి. అందులో జట్టంతా మన చేతిలో ఉండదు, మనం తయారుచేసుకున్న ఒక్క ఆటగాడే ఉంటాడు. మంచి పాస్‌కీ మార్కులు వేస్తారు, నిజమే. కానీ కథంతా ఆ ఒక్కడి చుట్టూ తిరుగుతుంటే పిల్లవాడి మనసు బంతి వదులుతుందా? దాని మీద డబ్బు వచ్చి కూర్చుంటుంది. 2012లో వచ్చిన 2కే13 నుంచి ఇందులో వీసీ అనే నాణేలు ఉన్నాయి. ఆటగాడి వేగం, బలం, షాట్ అన్నీ వాటితోనే పెంచుకోవాలి. మ్యాచ్‌లు ఆడి సంపాదించుకోవచ్చు, అసలు డాలర్లు పెట్టి కొనుక్కోనూవచ్చు. ఓపిక పట్టినవాడి కంటే అమ్మానాన్నల కార్డు ఉన్నవాడు ముందుంటాడు. ఆన్‌లైన్‌లో రేటింగ్ తక్కువున్న పిల్లవాడికి బంతి ఇవ్వరు, కొందరు మ్యాచ్ మధ్యలో వదిలేసి పోతారు. మావాడు అలా రెండు మూడు సాయంత్రాలు బాధపడటం చూశాను. ఆటగాళ్ళ కార్డుల ప్యాకెట్లు ఇంకో తలనొప్పి, లోపల ఏముందో కొన్నాక కానీ తెలియదు. 2018లో బెల్జియం ఇలాంటివి జూదం కిందికి వస్తాయని తేల్చాక ఆ దేశంలో ఈ ఆటలోనూ ఆ అమ్మకాన్ని మార్చాల్సి వచ్చింది. మా ఇంట్లో వీసీ కొనడం లేదు. వాడు ఒప్పుకున్నాడు కానీ సంతోషంగా కాదు, ఆ మాట కూడా చెప్పాలి.

మా నాన్నగారు ఇదంతా విని “కండబలం కొనుక్కోవడవేటి!” అని ఆశ్చర్యపోయారు. అప్పుడు మనవడికి కరణం మల్లీశ్వరి గురించి చెప్పారు. మా పక్క శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట అమ్మాయి. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 110, 130, మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది, ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ. ఆ వార్త వచ్చిన రోజు మా ఇంట్లో అందరం రేడియో చుట్టూ చేరాం. మావాడు ఆ వీడియో వెతికి చూసి, 130 కిలోలంటే ఎన్ని పౌన్లో లెక్క కట్టి, కాసేపు దాని గురించే మాట్లాడాడు.

మేనకోడలు మాత్రం ఒకటే అడిగింది, ఇందులో అమ్మాయిలు ఉంటారా అని. ఉంటారు. 2019లో వచ్చిన 2కే20లో డబ్ల్యూఎన్‌బీఏ అనే మహిళల లీగ్ జట్లన్నీ వచ్చాయి. ఆ తర్వాతి ఏడాది కొత్త కన్సోళ్ళ మీద మన సొంత ఆటగత్తెని కూడా తయారుచేసుకునే వీలు వచ్చింది. అబ్బాయిల కెరీర్‌కున్నంత హంగు దానికి లేదు, అది నాకు లోటే. అయినా ఆ పాపకి గార్డ్‌గా ఆడే అమ్మాయిని తెర మీద చూపించగలిగాను.

తిరిగొచ్చాక మా సెట్టింగులు మార్చాం. క్వార్టర్ 12 నిమిషాలు, కష్టం ఒక మెట్టు పైకి, అలసట స్లైడర్ ఎక్కువ. వారాంతంలో ఒక పూర్తి మ్యాచ్, జట్టు మొత్తం వాడే నడపాలి. మూడో క్వార్టర్‌కే అందరూ అలసిపోతున్నారు, బెంచ్ చూసుకోవాల్సి వస్తోంది. మొదట్లో విసుక్కున్నాడు. ఇప్పుడు ఎవరిని ఎప్పుడు దించాలో నన్ను అడుగుతున్నాడు, నేను చెప్పింది తప్పని వాదిస్తున్నాడు కూడా.

మొన్న మేనల్లుడు ఫోన్ చేసి, కన్సోల్ కొనుక్కుంటున్నాడట, ఆట కొత్తది కొనాలా పాతది చాలా అని అడిగాడు. కెరీర్ ఆడాలంటే కొత్తదే కొనాలి. పాతవాటి ఆన్‌లైన్ సర్వర్లు కొన్నాళ్ళకి ఆపేస్తారు, దాంతో పెంచుకున్న ఆటగాడూ అందకుండా పోతాడు. మామూలు మ్యాచ్‌లకి సర్వర్ అక్కర్లేదు. నీకు జట్టుతో ఆడటమే ఇష్టం కదా, తక్కువ ధరకి దొరికే పాతది తీసుకో, మిగిలిన డబ్బుతో మంచి బూట్లు కొనుక్కో అన్నాను.