ఎండిపోయే దొనల వెంట, ఖాజాగూడలో

హైదరాబాద్‌లో ఖాజాగూడ గుట్టలకు అనగానే ఆటో అతను దర్గాకా, గుడికా అని అడిగాడు. బండలు చూడ్డానికి అన్నాను. ఎగాదిగా చూసి, ఇంకో ఇరవై పెంచి చెప్పాడు.

భాద్రపదం చివర. వానలు తగ్గాయి గానీ దొనల్లో, అంటే బండల మీది గుంటల్లో, నీళ్ళింకా ఉన్నాయి. ఇది దాదాపు 250 కోట్ల ఏళ్ల గ్రానైటు; దాని మీద మట్టి నిలిచే చోటే తక్కువ. దొన అంచున నాలుగు వేళ్ల మందాన పట్టిన ఇసకమట్టిలోనే మొక్కల సంసారమంతా. నేను వెతుకుతున్నది లొబీలియా ఆల్సినాయిడిస్‌ని. గంటపూల కుటుంబానిది, ఒక్క సీజనే దాని బతుకు.

నడుం వంచి దొన తర్వాత దొన చూస్తుంటే, గునుగు కోస్తున్న పెద్దావిడ, "ఏం దేవులాడుతున్నవ్ బిడ్డా? పైలం, పాకుర బట్టింది, జారుతది" అంది.

"చిన్న నీలం పువ్వు కోసమమ్మా."

"బతుకమ్మకైతదా?"

కాదన్నాను. ఆమెకిక ఆసక్తి పోయింది.

చివరికి దొరికింది, గడ్డిపరకల మధ్య. చిటికెన వేలి గోరంత పువ్వు. పైన రెండు సన్న రేకులు, కింద మూడు వెడల్పువి. అసలు చూడాల్సింది భూతద్దంలోనే. పుప్పొడి తిత్తులన్నీ అతుక్కుని ఒక గొట్టం అవుతాయి. పువ్వులో ఆడభాగపు కాడ, అంటే కీలం, లోపల్నుంచి ఎదుగుతూ, సిరంజిలో పిస్టన్‌లా పుప్పొడిని బయటికి నెడుతుంది. ఆ పని అయ్యాకే దాని కొస విచ్చుకుని, వేరే పువ్వు పుప్పొడికి ఎదురుచూస్తుంది. బండ మీద బోర్లా పడుకుని ఎంతసేపు చూశానో!

దీని చుట్టమే ఒకటి అమెరికా వాయవ్య రాష్ట్రాల్లో ఉంది, హొవెలియా ఆక్వాటిలిస్. 1879లో వృక్షశాస్త్రవేత్త ఆసా గ్రే పేరు పెట్టాడు. నీటిలో పెరిగే ఏడాది మొక్క. కొన్ని పూలు నీళ్ల కింద విచ్చుకోకుండానే గింజ కడతాయి. ఆ గింజ మొలవాలంటే మాత్రం గుంట ఎండి దానికి గాలి తగలాలి. ఏడాదంతా నీళ్లుంటే మొలకే లేదు. 1994లో అమెరికా ప్రభుత్వం దాన్ని ముప్పున్న మొక్కల జాబితాలో చేర్చింది; 2021లో తీసేసింది.

మనకేమో ఎండిన గుంటంటే చచ్చిన గుంటే. పూడ్చేస్తాం, లేదా అందం కోసం నిత్యం నీళ్లు నింపుతాం. రెండోది మంచిపనే అనుకుంటాం, నాకైతే రెంటికీ పెద్ద తేడా కనిపించదు.

గుట్ట దిగాక ఓ గేటెడ్ కమ్యూనిటీ గోడ లోపల పెద్ద గుండు కనిపించింది. పగలగొట్టకుండా ఉంచారు, సంతోషం. కాపలా అన్నను బతిమాలి లోపలికెళ్లాను. చుట్టూ లాన్, పొద్దస్తమానం తడిపే పైపులు. గుండు మొదట్లో దొన కూడా ఉంది, నిండా నీళ్లు, అందులో రంగు చేపలు. అంచు చుట్టూ తిరిగి చూశాను. కొన్న గడ్డి తప్ప ఒక్క మొక్కా లేదు.