నాలుగు పక్కల కొలతలతో పొలం విస్తీర్ణం తేలదు

పొలం బేరాల్లో ఎక్కువగా కనిపించే లెక్క ఇది: ఎదురెదురు పక్కలు కలిపి సగం చెయ్యి, మిగతా రెండూ కలిపి సగం చెయ్యి, రెండిటినీ గుణించు, అయిపోయింది. నాలుగు మూలలూ సరిగ్గా 90 డిగ్రీలుంటే తప్ప ఈ లెక్క ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుంది, అందుకే అమ్మేవాళ్ళకి ఇదంటే అంత ఇష్టం కాబోలు. కోళ్ళు వదులైన మంచం పక్కకి ఒరిగితే పట్టెల పొడవు మారదు గానీ మధ్యలో చోటు తగ్గుతుంది కదా, పొలమూ అంతే.

పాత గొలుసు సర్వేయర్లకి ఈ సంగతి బాగా తెలుసు. అందుకే ఎఫ్ఎంబీలో (పొలం కొలతల సర్వే పుస్తకం) పొలం మధ్యనుంచి ఒక గీత గీసి, దాన్నుంచి ప్రతి వంపుకీ ఆఫ్‌సెట్ (గీతకి లంబంగా దూరం) కొలిచి, ముక్కలుగా చేసి లెక్కకట్టేవాళ్ళు.

ఇప్పుడు రోవర్ (ఉపగ్రహాల సాయంతో స్థానం చెప్పే సర్వే పరికరం) వచ్చాక మూలల కోఆర్డినేట్లే (ఎక్స్, వై విలువలే) నేరుగా వస్తున్నాయి కాబట్టి పని ఇంకా తేలిక. ఉదాహరణకి మీటర్లలో నాలుగు మూలలు (0,0), (60,0), (80,50), (10,60) అనుకోండి. వరసగా చుట్టూ తిరుగుతూ, ఈ మూల ఎక్స్‌ని తర్వాతి మూల వైతో గుణించి, అందులోంచి తర్వాతి మూల ఎక్స్‌ని ఈ మూల వైతో గుణించినది తీసేయాలి. వచ్చేవి 0, 3000, 4300, 0. మొత్తం 7300, సగం 3650 చదరపు మీటర్లు, అంటే 90.2 సెంట్లు. అదే పొలానికి పక్కల సగటు లెక్క వేస్తే 92.6 సెంట్లు వస్తుంది. తేడా 116 గజాల పైచిలుకు (చదివింపులు కావివి, గజాలు!). ఎన్ని మూలలున్నా ఇదే సూత్రం, మూలల వరస మాత్రం తప్పకూడదు.

అసలు కోఆర్డినేట్లు ఇంత చిన్నగా ఉండవు. భూమిని జోన్లనే నిలువు పట్టీలుగా విడదీసి మీటర్లలో స్థానం చెప్పే యూటీఎం పద్ధతిలో విజయవాడ దగ్గర ఈస్టింగ్ (ఎక్స్) 4.6 లక్షలు, నార్తింగ్ (వై) 18 లక్షలు దాటి ఉంటుంది. వాటిని అలాగే గుణిస్తే మామూలు కాలిక్యులేటర్ చివరి అంకెలు మింగేస్తుంది, కాబట్టి ముందు మొదటి మూల విలువలని అన్నిటిలోంచీ తీసేసి మొదలుపెట్టండి, విస్తీర్ణం మారదు.

ఇంకో తిరకాసు స్కేల్ ఫ్యాక్టర్. యూటీఎం జోన్ మధ్య రేఖ మీద దూరాల్ని 0.9996 కి కుదించి చూపిస్తుంది. మన 44వ జోన్‌కి ఆ రేఖ 81 డిగ్రీల తూర్పు రేఖాంశం, విజయవాడ దాని పక్కనే ఉంది. సరిచేయకుండా లెక్కేస్తే అక్కడ ఎకరానికి దాదాపు నాలుగు గజాలు తక్కువ వస్తుంది. పడమరగా హైదరాబాద్ దాకా వెళ్తే తారుమారై కొంచెం ఎక్కువే చూపిస్తుంది. సర్వేయర్‌ని "ఇది గ్రిడ్ విస్తీర్ణమా (సరిచేయని యూటీఎం లెక్కా), నేల మీద విస్తీర్ణమా?" అని అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

జోన్ నంబర్ కూడా రాయించుకోండి. అనంతపురం 43లోకి, ఇచ్ఛాపురం 45లోకి వస్తాయి, ఒకే రాష్ట్రం కదా అని అన్నిటికీ 44 పెడితే మ్యాప్‌లో మీ పొలం ఇంకెక్కడో తేలుతుంది.