ఆల్మటీలో ఓట్ల రోజు

2023 మార్చి 19, ఆదివారం, కజకిస్తాన్‌లో మజ్లిస్‌కి, అంటే పార్లమెంటు దిగువ సభకి, ముందస్తు ఎన్నికలు జరిగాయి. అక్కడి పెద్ద నగరం ఆల్మటీకి మెడిసిన్ చదువుకోడానికి వచ్చినవాళ్ళం, మాకు ఓటు లేదు. అయినా చూడాలనిపించి బయట తిరిగాను. మైకులు లేవు, బిర్యానీ పొట్లాలు లేవు. మన గుంటూరులో వార్డు ఎన్నికకే ఇంతకన్నా గోల!

ఈ ఊళ్ళోనే 2022 జనవరిలో మేయరాఫీసు తగలబడింది. పడమటి ఊరు జానాఓజెన్‌లో బండ్లకి వాడే గ్యాస్ ధర మీద మొదలైన గొడవ ఇక్కడిదాకా పాకింది. దేశం మొత్తం మీద 238 మంది చనిపోయారని ప్రభుత్వమే చెప్పింది. నెట్ కట్ చేస్తే ఇంట్లోవాళ్ళు పడ్డ టెన్షన్ ఇప్పటికీ తలుచుకుంటారు.

ఆ జూన్‌లో రిఫరెండం పెట్టి రాజ్యాంగం మార్చారు. దాంతో ఈ ఎన్నికల్లో 98 సీట్లలో 69 పార్టీల జాబితాలకి, 29 నియోజకవర్గాలకి పెట్టారు. 2004 తర్వాత ఇండిపెండెంట్లకి మళ్ళీ ఛాన్సు వచ్చింది ఈ ఎన్నికల్లోనే. మన నోటాలా ‘అందరికీ వ్యతిరేకం’ అనే గడి కూడా బ్యాలెట్‌లో పెట్టారు.

తీరా చూస్తే అధికార పార్టీ అమానత్‌కే సగానికి పైగా ఓట్లు. దేశంలో 54 శాతం పోలింగ్ అయితే, ఆల్మటీలో పాతిక దాటిందంతే. అంత రక్తం చూసిన ఊరు ఓటుకి కదల్లేదంటే బద్ధకం అనుకోను. ‘ఏమైనా మారుతుందా?’ అని నా క్లాస్‌మేట్ భుజాలెగరేసింది, ఆమె ఇక్కడి అమ్మాయే. పోనీ, పార్లమెంటులోకి ఈసారి ఆరు పార్టీలొచ్చాయి, ఇంతకుముందు మూడే. అది మాత్రం కొత్త.